‘ఎంక్వైర్’తో వాక్యం కట్టేదెలా?

‘ఎంక్వైరీ’ మనకు కొత్త మాట కాదు. రైల్వే స్టేషన్లో ఎంక్వైరీ కౌంటరు ఉంటుంది. రైలు ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలంటే 139కి ఫోన్ చేస్తాం. వంతెన కూలితే ప్రభుత్వం ఎంక్వైరీ వేస్తుంది. పిల్లకు సంబంధం వస్తే అబ్బాయి గురించి నాలుగు చోట్ల ఎంక్వైరీ చేయిస్తాం. ఇంగ్లీషు అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఈ మాటను తడుముకోకుండా వాడతారు.

నామవాచకం ఇంత సులువుగా ఒదిగిపోయినా, దాని క్రియ ‘ఎంక్వైర్’ను ఇంగ్లీషు వాక్యంలో పెట్టమంటే మాత్రం డిగ్రీ చదివినవాళ్లూ తడబడతారు. తెలుగులో ‘ఎంక్వైరీ’ పక్కన ‘చేయు’ చేర్చి, మనిషికి ‘ని’, విషయానికి ‘గురించి’ తగిలిస్తే వాక్యం పూర్తవుతుంది. ఇంగ్లీషులో ఆ పనంతా క్రియ వెనక వచ్చే ఆఫ్, ఎబౌట్, ఇంటు, ఆఫ్టర్, ఫర్ వంటి చిన్న మాటల మీద పడుతుంది. ‘ఎంక్వైర్’ వాడటం వచ్చిందంటే నిజానికి ఆ చిన్న మాటలు వాడటం వచ్చినట్టే.

నియమాలను విడివిడిగా బట్టీపట్టే బదులు ఒక వాక్యాన్ని మొదటినుంచి చివరిదాకా కట్టి చూద్దాం. ఇంగ్లాండులో ఎమ్మెస్సీ సీటు వచ్చిన ఒక అమ్మాయి అక్కడి హాస్టల్ ఆఫీసుకు మెయిల్ రాయాలి. ఆమె మనసులో ఉన్నది ఇది: ‘సెప్టెంబరుకల్లా గది దొరుకుతుందా, డిపాజిట్ ఎంత అని పోయిన వారం మీ ఆఫీసువాళ్లను అడిగాను.’ ఇదే మన ముడిసరుకు.

మొదటి మెట్టు: ఏ క్రియో తేల్చుకోవడం

ఇంగ్లీషులో అడగడానికి చాలా క్రియలున్నాయి. వాటిలో ‘ఆస్క్’ అన్నిచోట్లా చెల్లుతుంది. తెలుగు ‘అడుగు’కూ దీనికీ చుట్టరికం కూడా ఎక్కువ. మనం దారి అడుగుతాం, అప్పూ అడుగుతాం. సమాచారం కోరినా వస్తువు కోరినా మనకు ఒకటే క్రియ. ‘ఆస్క్’ కూడా అంతే. కాకపోతే వస్తువు కోరినప్పుడు ‘ఆస్క్ ఫర్ వాటర్’ అని మధ్యలో ‘ఫర్’ పడుతుంది.

‘ఎంక్వైర్’కు ఈ రెండో అర్థం లేదు. అది సమాచారం కోసమే. నీళ్లు కావాలనో, ఇంటికి రమ్మనో ఎవరినీ ‘ఎంక్వైర్’ చేయలేం. ‘ఆస్క్‌డ్ హర్ టు కమ్’ అంటే రమ్మని అడిగాడని అర్థం. ఆ చోట ‘ఎంక్వైర్డ్’ పెడితే వాక్యం నిలబడదు.

మిగిలిన క్రియలకూ వేటి హద్దులు వాటికున్నాయి. ‘క్వశ్చన్’ చేశారంటే ఎదుటి మనిషిని కూర్చోబెట్టి వరసగా ప్రశ్నలు వేశారని అర్థం. పోలీసులూ చేస్తారు, విలేకరులూ చేస్తారు. ‘ఇంటరాగేట్’ దానికంటే కటువైనది, నిర్బంధంలో ఉన్నవాణ్ని గుచ్చిగుచ్చి అడగడం. ‘క్వెరీ’ చేసేది అనుమానం వచ్చిన విషయాన్ని. బిల్లులో తప్పు కనిపిస్తే ‘ఐ క్వెరీడ్ ద బిల్’ అంటారు.

మన అమ్మాయికి కావలసింది సమాచారం. రాసేది ముక్కూమొహం తెలియని ఆఫీసుకు. కాబట్టి కాస్త లాంఛనం ఉన్న ‘ఎంక్వైర్’ను పరీక్షకు తీసుకుందాం. చివరిదాకా నిలుస్తుందో లేదో తర్వాత చూద్దాం.

రెండో మెట్టు: మొదటి అక్షరం

ఈ మాటను ‘ఈ’తోనూ రాస్తారు, ‘ఐ’తోనూ రాస్తారు. వెతకడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు దీనికి మూలం. క్వశ్చన్, క్వెరీ, క్వెస్ట్, రిక్వెస్ట్, ఇంక్వెస్ట్ అన్నీ ఆ కుదురులోవే. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ‘ఈ’ అంటుకుంది. పండితులు లాటిన్ వైపు చూసి రాసినప్పుడు ‘ఐ’ వచ్చింది. రెండూ ఉండిపోయాయి.

అమెరికాలో దాదాపు అంతా ‘ఐ’తోనే రాస్తారు. బ్రిటన్లో చాలామంది మామూలుగా అడగడానికి ‘ఈ’, అధికారికంగా విచారణ జరపడానికి ‘ఐ’ పెట్టి తేడా పాటిస్తారు. మన దేశంలోనూ రెండూ కనిపిస్తాయి. రైల్వే కౌంటరు బోర్డు మీద ‘ఈ’, 1952 నాటి కమిషన్స్ ఆఫ్ ఎంక్వైరీ చట్టం పేరులో ‘ఐ’. మన మెయిల్ వెళ్లేది ఇంగ్లాండుకు, అడిగేది హాస్టల్ గది గురించి. కనుక ‘ఈ’ పెడదాం. ఏది పెట్టినా ఒకే మెయిల్‌లో రెండూ కలపకుండా ఉంటే చాలు.

మూడో మెట్టు: మనిషికి చోటు చూపించడం

‘మీ ఆఫీసువాళ్లను అడిగాను’ అన్నదాన్ని మక్కికి మక్కి దింపితే ‘ఐ ఎంక్వైర్డ్ యువర్ ఆఫీస్’ అవుతుంది. తెలుగువాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. ‘ఆస్క్’ వెనక మనిషి నేరుగా రావచ్చు: ‘ఐ ఆస్క్‌డ్ హిమ్’. ‘ఎంక్వైర్’ వెనక అలా రాకూడదు. ఎవరిని అడిగామో చెప్పాలంటే మధ్యలో ‘ఆఫ్’ ఉండాలి: ‘ఐ ఎంక్వైర్డ్ ఆఫ్ యువర్ ఆఫీస్’. మన ‘ని’ చేసే పనిని ఇక్కడ ‘ఆఫ్’ చేస్తుంది.

దీనివల్ల ఇంకో చిక్కు ఉంది. ‘నన్ను అడిగారు’ అనడానికి ‘ఐ వాజ్ ఆస్క్‌డ్’ చెల్లుతుంది. ‘ఐ వాజ్ ఎంక్వైర్డ్’ చెల్లదు. మనిషి కర్మ కానప్పుడు కర్మణి వాక్యంలో ఆ మనిషిని ముందుకు తెచ్చే వీలుండదు. ‘ఆ గుమస్తాను ఎంక్వైరీ చేశారు’ అన్న తెలుగు వాక్యానికి ఇంగ్లీషులో ‘ద క్లర్క్ వాజ్ క్వశ్చన్డ్’ అనాలి. విషయాన్ని మాత్రం ముందుకు తేవచ్చు: ‘ద మేటర్ వాజ్ ఎంక్వైర్డ్ ఇంటు’. చివరి ‘ఇంటు’ను మరిచిపోతే వాక్యం కుంటుతుంది.

ఏ క్రియ వెనక ఏ నిర్మాణం నడుస్తుందో నేర్చుకునేవాళ్ల కోసం వరసపెట్టి చూపించినవాళ్లలో ఎ. ఎస్. హార్న్‌బీ పేరు ముందు చెప్పాలి. జపానులో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన హార్న్‌బీ, సహచరులతో కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో దాన్ని ఆక్స్‌ఫర్డ్ వేసింది. ఇప్పుడు మన పుస్తకాల షాపుల్లో దొరికే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి అదే మూలం. క్రియకు అర్థం చెప్పి ఊరుకోకుండా, వెనక ఏం రావాలో చూపించడం దాని ప్రత్యేకత. అలాంటి నిఘంటువులో ‘ఎంక్వైర్’ తీసి చూసేటప్పుడు అర్థం కంటే ముందు ఉదాహరణలు చదవాలి. వెనక ఏయే చిన్న మాటలు వస్తాయో అక్కడే దొరుకుతుంది.

నాలుగో మెట్టు: చిన్న మాట ఎంచుకోవడం

ఈ తయారీలో అసలు పనితనం ఇక్కడే ఉంది. ‘హిమ్’ అనే ఒక్క సర్వనామాన్ని పట్టుకుని మధ్యలో మాట మార్చుకుంటూ పోదాం.

‘ఎంక్వైర్ ఆఫ్ హిమ్’ అంటే అతన్నే అడగడం. అతను మన ఎదురుగానో ఫోన్లోనో ఉన్నాడు.

‘ఎంక్వైర్ ఎబౌట్ హిమ్’ అంటే అతని గురించి వేరేవాళ్లను అడగడం. పెళ్లి సంబంధాల వాకబు అంతా ఈ ‘ఎబౌట్’ కిందికే వస్తుంది. జీతమెంత, అలవాట్లేమిటి, అన్నదమ్ములెందరు అని ఇరుగుపొరుగును కదిలిస్తాం. ఆ సంగతి అతనికి తెలియకపోవచ్చు కూడా.

‘ఎంక్వైర్ ఆఫ్టర్ హిమ్’ అంటే అతని క్షేమం కనుక్కోవడం. జ్వరం తగ్గిందా, ఎలా ఉన్నాడు అని ఇంట్లోవాళ్లను పలకరించడం. అతని వెనకాల పడటమని అర్థం చేసుకుంటే పొరపాటు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఇవాళ్టి మాటల్లో కొంచెం పాతవాసన వేసినా పెద్దవాళ్లకు రాసే ఉత్తరాల్లో ఇప్పటికీ బాగుంటుంది.

‘ఎంక్వైర్ ఫర్ హిమ్’ అంటే అతన్ని కలవాలని వచ్చి ‘ఉన్నాడా?’ అని అడగడం. కౌంటరు దగ్గరికి వచ్చి ‘ఫలానా మేనేజరుగారు ఉన్నారా అండీ?’ అనే మనిషి చేసేది ఇదే.

‘ఇంటు’ మాత్రం మనిషి పక్కన సాధారణంగా ఇమడదు. అది లోతుకు దిగే మాట. ‘ఎంక్వైర్ ఇంటు హిజ్ కాండక్ట్’ అంటే అతని ప్రవర్తన మీద విచారణ జరపడం. అడగడంతో ఆగకుండా కాగితాలు తిరగేసి, సాక్షుల మాట విని, ఒక నిర్ణయానికి వస్తారు. వంతెన కూలినప్పుడు వేసే ఎంక్వైరీ ఈ కోవలోది. ఇక్కడ చట్టం పాటించే ఒక తేడా కూడా ఉంది. పోలీసులు చేసేది ‘ఇన్వెస్టిగేషన్’, మన దర్యాప్తు. మేజిస్ట్రేటో కోర్టో జరిపేది ‘ఎంక్వైరీ’. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఈ రెంటికీ విడివిడిగా నిర్వచనాలిచ్చింది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా ఆ విభజనను కొనసాగించింది. పత్రికలు రెంటినీ ఎంక్వైరీ అనేస్తాయి గానీ, ఇంగ్లీషులో ఫిర్యాదు రాసేవాళ్లు ఈ తేడా తెలుసుకుని రాయాలి.

ఇవి కాక చోటును చెప్పే ‘ఎట్’ ఒకటుంది: ‘ఎంక్వైర్ ఎట్ ద రిసెప్షన్’. షాపు అద్దం మీద ‘ఎంక్వైర్ విదిన్’ అని బోర్డు ఉంటే, వివరాలకు లోపలికి వచ్చి అడగమని అర్థం. మనవాళ్లు రాసే ‘ఎంక్వైర్ విత్ ద ఆఫీస్’ మన దేశపు ఇంగ్లీషులో బాగా చెల్లుబాటవుతుంది. బ్రిటన్‌కు రాసేటప్పుడు మాత్రం ‘ఆఫ్’ గానీ ‘ఎట్’ గానీ నయం.

ఈ మాటల్లో మన వాక్యానికి కావలసినవి రెండు. ఎవరిని అడిగిందో చెప్పడానికి ‘ఆఫ్’. దేని గురించో ఒక్క నామవాచకంలో చెప్పదలిస్తే ‘ఎబౌట్’: ‘ఐ ఎంక్వైర్డ్ ఎబౌట్ ఎ రూమ్’. మన అమ్మాయి మాత్రం అడిగిన ప్రశ్నలనే వాక్యంలో పెట్టాలనుకుంటోంది. దానికి ఇంకో మెట్టు ఎక్కాలి.

ఐదో మెట్టు: ప్రశ్న మూట విప్పడం

తెలుగులో ‘అని’ ఉన్నంతసేపు దిగుల్లేదు. ఎవరు ఏ మాట అన్నా, ఏ ప్రశ్న వేసినా దాన్ని ఉన్నదున్నట్టు మూటకట్టి ‘అని’తో ముడివేస్తాం. ‘డిపాజిట్ ఎంత అని అడిగాను.’ లోపల ఉన్న ప్రశ్న చెక్కుచెదరదు. ఇంగ్లీషు ఆ మూటను విప్పి, లోపలి సరుకును తిరిగి సర్దమంటుంది. సర్దడంలో నాలుగు పనులున్నాయి.

మొదటి పని, ముడిని పారేయడం. ‘అని’కి ‘దట్’ అని చిన్నప్పుడు నేర్చుకున్న పాఠం ఇక్కడ మోసం చేస్తుంది. ‘హి ఎంక్వైర్డ్ దట్ వేర్ ఐ లివ్‌డ్’ అని రాయడం ఆ పాఠం ప్రభావమే. చెప్పిన మాటకు ‘దట్’ వస్తుంది, అడిగిన మాటకు రాదు. వేర్, వెన్, హూ, హౌ వంటి ప్రశ్నపదం ఉంటే అదే కొక్కెంలా పనిచేస్తుంది.

రెండో పని, ప్రశ్నపదం లేనిచోట కొక్కెం తగిలించడం. ‘గది దొరుకుతుందా’లో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ ఏవీ లేవు. చివరి దీర్ఘం ఒక్కటే దాన్ని ప్రశ్న చేస్తోంది. అలాంటి దీర్ఘం కనిపించినచోట ఇంగ్లీషులో ‘వెదర్’ పెట్టాలి. ‘ఆస్క్’ వెనక ‘ఇఫ్’ కూడా హాయిగా నడుస్తుంది. ‘ఎంక్వైర్’ లాంఛనం కోరే క్రియ, దానికి ‘వెదర్’ ఎక్కువ నప్పుతుంది.

మూడో పని, వరస మార్చడం. నేరుగా అడిగితే ‘హౌ మచ్ ఈజ్ ద డిపాజిట్?’ అంటాం. క్రియ ముందు, కర్త తర్వాత. ‘ఎంక్వైర్’ వెనక చేరాక అది ‘హౌ మచ్ ద డిపాజిట్ ఈజ్’ అవుతుంది. క్రియ చివరికి జరిగింది. ‘వేర్ ఈజ్ ద ఆఫీస్?’ కూడా ‘వేర్ ద ఆఫీస్ ఈజ్’ అవుతుంది. తెలుగువాళ్లకు ఇది అచ్చివచ్చే నియమం. క్రియను చివర పెట్టడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అయినా చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు. ప్రశ్న అనగానే బళ్లో నేర్పిన తలకిందుల వరసే గుర్తొస్తుంది మరి. ‘డు’, ‘డిడ్’ వంటివి కూడా ఈ సర్దుబాటులో రాలిపోతాయి: ‘వేర్ డు యు లివ్?’ కాస్తా ‘వేర్ ఐ లివ్‌డ్’.

నాలుగో పని, గుర్తు తీసేయడం. ప్రశ్న లోపల ఉన్నా పై వాక్యం ప్రశ్న కాదు, కాబట్టి చివర చుక్కే. ‘మే ఐ ఎంక్వైర్...’ అని మొదలైతే పై వాక్యమే ప్రశ్న అయింది, అప్పుడు ప్రశ్నార్థకం ఉంచాలి.

ఆరో మెట్టు: కాలం సర్దడం

పై ఉదాహరణలో ‘లివ్’ ‘లివ్‌డ్’గా మారడం గమనించే ఉంటారు. ‘నేనెక్కడ ఉంటున్నానని అడిగాడు’ అంటాం తెలుగులో. అడగడం గతమైనా ఉండటం వర్తమానంలోనే ఉంటుంది. నువ్వును నేనుగా మారుస్తామేమో గానీ కాలాన్ని కదపం. ఇంగ్లీషులో పై క్రియ గతంలోకి వెళ్తే లోపలి క్రియ కూడా సాధారణంగా ఒక అడుగు వెనక్కి వేస్తుంది. ‘ఈజ్’ ‘వాజ్’ అవుతుంది, ‘విల్’ ‘వుడ్’ అవుతుంది, ‘కెన్’ ‘కుడ్’ అవుతుంది. అడిగిన సంగతి ఇప్పటికీ నిజమైతే వెనక్కి వెయ్యకపోయినా తప్పుపట్టరు. లాంఛనంగా రాసేటప్పుడు వేయడమే క్షేమం.

ఇప్పటిదాకా కట్టినదాన్ని కలిపితే మన వాక్యం ఇదీ: ‘లాస్ట్ వీక్ ఐ ఎంక్వైర్డ్ ఆఫ్ యువర్ ఆఫీస్ వెదర్ ఎ రూమ్ వుడ్ బి అవైలబుల్ బై సెప్టెంబర్ అండ్ హౌ మచ్ ద డిపాజిట్ వాజ్.’ వ్యాకరణం ఎక్కడా తప్పలేదు. పరీక్షలో అయితే పూర్తి మార్కులు పడతాయి. మెయిల్‌లో పెట్టడానికి మాత్రం ఇంకా పని ఉంది.

ఏడో మెట్టు: మర్యాద అద్దడం

తెలుగులో మర్యాద ‘గారు’లో, ‘అండి’లో, ‘తెలియజేయగలరు’లో ఉంటుంది. ఇంగ్లీషులో అలాంటి ప్రత్యయాలు లేవు. కోరికను కొంచెం దూరంగా నిలబెట్టి మర్యాద చూపిస్తారు. ‘ఐ వాంట్ టు నో’ అంటే ‘నాకు తెలియాలి’ అని నిలదీసినట్టుంటుంది. ‘ఐ వుడ్ లైక్ టు ఎంక్వైర్’ అంటే మెత్తబడుతుంది. ఆఫీసు ఉత్తరాల్లో బాగా స్థిరపడిన ఆరంభం ‘ఐ యామ్ రైటింగ్ టు ఎంక్వైర్ ఎబౌట్...’ అనేది. ఎందుకు రాస్తున్నామో మొదటి వాక్యంలోనే తెలుస్తుంది, చదివేవాళ్లకు సమయం కలిసొస్తుంది. మనకు అలవాటైన ‘కైండ్లీ’ని ప్రతి వాక్యంలో చల్లాల్సిన పని లేదు. ‘కుడ్ యు’ ఉన్నచోట అది అదనం.

ఎనిమిదో మెట్టు: తూకం చూసి కోసేయడం

ఆరో మెట్టు మీద తయారైన వాక్యంలో ‘ఎంక్వైర్డ్ ఆఫ్ యువర్ ఆఫీస్’ దగ్గర నాలుక ఆగుతుంది. ‘ఆఫ్’ నిర్మాణం సరైనదే అయినా బాగా బరువైనది. ఫోన్ చేసి అడిగిన చిన్న సంగతికి అంత బరువు అక్కర్లేదు. అక్కడ ‘ఆస్క్‌డ్’ పెడితే మనిషి నేరుగా పక్కకు వచ్చి కూర్చుంటాడు, వాక్యం తేలికవుతుంది. ‘ఎంక్వైర్’ను ఒక్కచోట, మెయిల్ ఎత్తుగడలో ఉంచుకుంటే చాలు.

కథలు రాసేవాళ్లకూ ఈ తూకం అవసరమే. సంభాషణ వెనక ‘హి ఎంక్వైర్డ్’ అని తగిలించడం పాత నవలల అలవాటు. అమెరికన్ నవలాకారుడు ఎల్మోర్ లెనార్డ్ రచయితలకు చెప్పిన పది సూత్రాల్లో, సంభాషణ మోయడానికి ‘సెడ్’ తప్ప మరో క్రియ వాడొద్దన్నది ఒకటి. ప్రశ్నార్థకం చూస్తే అడిగాడని తెలిసిపోతూనే ఉంది కదా.

ఒకే వాక్యంలో కుక్కిన సరుకును మూడు వాక్యాలకు పంచితే మెయిల్ ఇలా తేలుతుంది. ‘ఐ యామ్ రైటింగ్ టు ఎంక్వైర్ ఎబౌట్ ఎ రూమ్ ఫ్రమ్ సెప్టెంబర్. ఐ ఆస్క్‌డ్ యువర్ ఆఫీస్ బై ఫోన్ లాస్ట్ వీక్ వెదర్ వన్ వుడ్ బి అవైలబుల్, బట్ ఐ హావ్ నాట్ హర్డ్ బ్యాక్. కుడ్ యు ఆల్సో టెల్ మి హౌ మచ్ ద డిపాజిట్ ఈజ్?’

మూడో వాక్యంలో ‘ఈజ్’ వెనక్కి వెళ్లలేదు, ఎందుకంటే అడగడం ఇప్పుడే జరుగుతోంది. పై వాక్యం ప్రశ్న కాబట్టి చివర ప్రశ్నార్థకం నిలిచింది. లోపల మాత్రం ‘ఈజ్’ చివరే ఉంది.

పంపే ముందు నాలుగు సంగతులు సరిచూస్తే చాలు. ‘ఎంక్వైర్’ వెనక మనిషి నేరుగా వచ్చి కూర్చున్నాడా? వస్తే మధ్యలో ‘ఆఫ్’ పెట్టాలి, లేదా క్రియను ‘ఆస్క్’గా మార్చాలి. కనుక్కోవడానికి ‘ఎబౌట్’, విచారణకు ‘ఇంటు’, పరామర్శకు ‘ఆఫ్టర్’ సరిగా పడ్డాయా? ‘అని’కి బదులు ‘దట్’ దూరిందా? లోపలి ప్రశ్నలో క్రియ కర్త ముందుకు ఎగబాకిందా? వీటిలో చివరి రెండూ ‘ఆస్క్’, ‘వండర్’, ‘వాంట్ టు నో’ దేనితో రాసినా తిరిగి ఎదురయ్యేవే. మొదటి రెండూ మాత్రం ‘ఎంక్వైర్’ వాడేటప్పుడు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి. అభ్యాసం చేయదలిస్తే రెండోదానితోనే మొదలుపెట్టండి: ఇవాళ్టి పేపర్లో ‘ఎంక్వైరీ’ కనిపించిన ప్రతిచోటా అది ఏ చిన్న మాట కిందికి వస్తుందో పక్కన రాసుకుంటూ పోండి.